కిట్ కత్తి చేస్తే కత్తి చేసినట్టేనా?

కిట్ కత్తి వీడియో చూసిన వాళ్లలో చాలామంది ఒకటే మాట అడిగారు. "బ్లేడు వాళ్లే ఇచ్చారు, చెక్కలు వాళ్లే ఇచ్చారు, నువ్వు బంక రాసి అతికించావు. దీన్ని కత్తి చేయడం అంటారా?" అని.

అనరు. పిడి వేయడం అంటారు. అయినా ప్రతి రైతూ ఒక్కసారైనా చేయాల్సిన పని అదేనని నేనంటాను.

ముందు బ్లేడు సంగతి చూద్దాం. ఇనుము ఎర్రగా కాల్చి సుత్తితో సాగదీయడం చూడ్డానికి బాగుంటుంది, వీడియోల్లో ఇంకా బాగుంటుంది. కానీ కత్తి బతుకు తేలేది ఆ తర్వాతే. కాల్చిన బ్లేడుని నూనెలోనో నీళ్లలోనో ముంచితే గట్టిపడుతుంది, దాంతోపాటు గాజులా పెళుసవుతుంది. ఆ పెళుసు పోవడానికి మళ్లీ కొంచెం వేడి చెయ్యాలి. సుమారు 220 డిగ్రీల దగ్గర ఉక్కు మీద ఎండుగడ్డి రంగు వస్తుంది, 300 దగ్గరికి వచ్చేసరికి నీలం అవుతుంది. గడ్డి రంగు దగ్గర ఆపితే పదును నిలుస్తుంది. నీలం దాకా పోతే మామూలు కార్బన్ ఉక్కు మెత్తబడి, నాలుగు రోజులకే మొద్దుబారుతుంది. మన కమ్మరి ఆ తేడాని థర్మామీటర్ లేకుండా కంటితో పట్టుకుంటాడు. అది ఏళ్ల తరబడి కొలిమి దగ్గర కూర్చుంటే వచ్చిన చూపు. మొదటిసారి చేసేవాడు దాని జోలికి పోకుండా, గట్టిచేసిన బ్లేడు ఉన్న కిట్ తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

ఇక పిడి. పొలంలో రోజంతా చేతిని తాకేది అదే కదండీ! దశపర్ణి కషాయానికి వేపాకు, సీతాఫలం ఆకు, వావిలి గంపలకొద్దీ తరిగిన వాళ్లకి తెలుసు, బొబ్బలు వచ్చేది బ్లేడు వల్ల కాదు. మా దగ్గర కూరగాయలు కోసేదీ, ఆకు తరిగేదీ ఎక్కువగా ఆడవాళ్లే. బజారులో దొరికే కత్తులకేమో అందరికీ ఒకటే సైజు పిడి. చెయ్యి చిన్నదైతే గట్టిగా నొక్కి పట్టుకోవాలి, సాయంత్రానికి మణికట్టు లాగేస్తుంది. కిట్‌లో వచ్చే చెక్కలు కావాలనే కాస్త పెద్దగా ఇస్తారు. వాటిని ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లు అరగదీసుకోవచ్చు. పట్టుకుంటే వేళ్ల కొసలు అరచేతిని తాకీ తాకనట్టు ఉండాలి. పిడి గుండ్రంగా వద్దు, కోడిగుడ్డులా కోలగా ఉండాలి. అప్పుడే చేతిలో తిరగదు, చూడకుండానే పదును ఎటువైపుందో తెలుస్తుంది. అక్కలకి ఇచ్చే కత్తి అయితే వాళ్ల చేతిలో పెట్టి చూసుకుంటూ అరగదీయండి, మీ చెయ్యి కొలత కాదు.

పని మొత్తం వీడియోలో ఉంది కాబట్టి తప్పనిసరివే చెబుతాను. మొదట బ్లేడు పదునువైపు మందంగా టేపు చుట్టండి. చెక్కల ముందు అంచు, అంటే బ్లేడు మొదలయ్యే చోట ఉండే అంచుని, అతికించకముందే నున్నగా చేసేయాలి. తర్వాత చేద్దామంటే ఉప్పు కాగితం బ్లేడు మీద గీతలు పెడుతుంది. పిడి లోపలికి వెళ్లే ఇనుమును కొంచెం గరుకు చేసి స్పిరిట్‌తో తుడవండి. అరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల బంక సమానంగా కలపాలి. క్లాంపు మరీ బిగించారంటే బంకంతా బయటికొచ్చి లోపల ఏమీ మిగలదు. ఒక రోజంతా కదపొద్దు. ఆ తర్వాత ఆకురాయితో చేసుకుంటే తొందర ఉండదు. గ్రైండర్ పెడితే మాత్రం ఇనుమును వేలితో తాకుతూ ఉండండి, తాకలేనంత వేడెక్కితే ఆపాలి. ఆ వేడికి బంక వదులవుతుంది, ఇంకా ఎక్కితే బ్లేడు పదును పోతుంది. చెక్క పొడికి మాస్కు తప్పదు. చివర్లో అవిసె నూనె పట్టిస్తే, తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయకండి. తనంతట తానే వేడెక్కి అంటుకోవచ్చు, తడిపి బయట పరిచి ఆరనివ్వండి.

ఏ కిట్ కొనాలి అంటే, పొలానికి మామూలు కార్బన్ ఉక్కు చాలు. ఆకు పసరుకి, నిమ్మకాయకి నల్లబడుతుంది, నల్లబడితే నష్టం లేదు. తుడిచి కాస్త నూనె రాయకపోతే తుప్పు పడుతుంది, దానికి ఓపిక లేదంటే స్టెయిన్‌లెస్ తీసుకోండి. 'డమాస్కస్' అని అలల గీతలతో వచ్చేవాటికి ఎక్కువ డబ్బులు పోయకండి. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవి చాలావరకు రెండు రకాల ఉక్కు పొరలు పేర్చి కొట్టి, ఆసిడ్‌లో ముంచి గీతలు తేల్చినవి. పాతకాలపు డమాస్కస్ కత్తుల వెనకున్న ఉక్కు వేరు. అది మూసలో కరిగించిన ఉక్కు, మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దానికి పేరుపడ్డ ఊరు. ఆ గొప్ప మీటింగుల్లో చెప్పుకుంటాం, ఊళ్లో కమ్మరి దగ్గర మాత్రం పది రూపాయలకి బేరం ఆడతాం.

నాకు అసలు బాధ అక్కడే ఉంది. వెనక కల్లం దగ్గర ధాన్యం కొలిచేటప్పుడు కమ్మరికి మేర ఇచ్చేవాళ్లు. ఇప్పుడు మేర లేదు, పని కూడా సీజన్‌కే. చాలా ఊళ్లలో కొలిమి చల్లారింది, కొడుకులు వెల్డింగ్ షాపుల్లో చేరారు. కొలిమి లేని ఊళ్లో కొడవలి మొద్దుబారితే కొత్తది కొనడమే, పంటకి తగ్గట్టు వంపు మార్చి ఇచ్చేవాడు ఉండడు. ఒక కిట్‌తో రెండు మూడు సాయంత్రాలు కుస్తీపట్టి, రెండు చెక్కలు సందు లేకుండా కూర్చోబెట్టడానికే చేతులు నొప్పిపుట్టినవాడు కమ్మరి చెప్పిన రేటుకి మారుమాట్లాడడు. కిట్ చేయమని నేను చెప్పేది సగం అందుకే.

రెండో కత్తికి కిట్ కొనకండి. మీకు దగ్గర్లో ఏ ఊళ్లో కొలిమి ఉందో కనుక్కుని, లారీ కమాను పట్టీ ముక్కతో బ్లేడు చేసిమ్మనండి. పిడివైపు పట్టీని బల్లపరుపుగా ఉంచి రెండు బెజ్జాలు వేయమనాలి, అదీ నీళ్లు పెట్టకముందే. గట్టిపడ్డాక మామూలు డ్రిల్ బిట్ దిగదు. కొలతకి అట్టముక్క కత్తిరించి తీసుకెళ్తే మాటలతో చెప్పే బాధ ఉండదు. పిడికి నల్లతుమ్మ బాగుంటుంది, కానీ బాగా ఎండిన చెక్కే కావాలి. పచ్చిదైతే ఆరుతూ పగిలి బంక ఊడుతుంది. డబ్బులు బ్లేడు చేతికి రాకముందే సగం ఇచ్చేయండి, బొగ్గులకైనా పనికొస్తాయి.