విరిగిన నాబ్‌ను పారేయకండి
అంబాసిడర్ కారు తయారీ 2014 మే నెలలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే వెళ్లిపోయింది. వాటి ఇంజిన్ల నాడి తెలిసిన మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. చిక్కంతా కారు లోపలి చిన్న ముక్కలతోనే. అద్దం దించే హ్యాండిల్ నాబ్ విరిగితే చాలామంది చేతికందిన కొత్తది తగిలించి, పాతదాన్ని చెత్తబుట్టలో వేస్తారు. ఇది తప్పని గట్టిగా చెబుతాను. ఆ విరిగిన ముక్కలోనే అసలు కొలతలన్నీ ఉన్నాయి. ముక్కలను అతికించి, పగులు పూడ్చి, నునుపు చేసి, చుట్టూ సిలికాన్ రబ్బరు పోస్తే అచ్చు తయారవుతుంది. అందులో రంగు కలిపిన పాలియురెథేన్ రెజిన్ పోస్తే అదే వంపు, వేళ్లకు పట్టు దొరికే అవే గీతలు మళ్లీ వస్తాయి. త్రీడీ ప్రింటింగూ మంచి దారే, కానీ ప్లాస్టిక్ ఏదో చూసుకోవాలి. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో బయట నిలిపిన కారు డాష్‌బోర్డు అంతకు మించి కాలుతుంది. ఏబీఎస్ గానీ ఏఎస్ఏ గానీ అయితే ఆ వేడికి ఆగుతుంది. హ్యాండిల్‌ను ఇరుసుకు పట్టి ఉంచే లోపలి పళ్లను మాత్రం లోహంతోనే చేయించాలి, తిప్పే బలమంతా అక్కడే పడుతుంది. ఇలా తీసిన అచ్చులను, కొలతల డ్రాయింగులను యజమానులు బీరువాల్లో దాచుకోకూడదు, సాటివారితో పంచుకోవాలి. బయటి రంగుకు డబ్బు ఎవరైనా పోస్తారు. రోజూ చేతికి తగిలే ముక్కను నిలబెట్టినవారే ఆ కారును నిజంగా కాపాడినవారు.