ఇంటి సబ్బుపై రెండు తెలుపులు



ఇంట సబ్బు చేసికొనువారు నన్ను తఱచుగా నడుగు ప్రశ్న యొక్కటే. "అచ్చునుండి తీసిన మూడవనాటికి సబ్బుపై సున్నము చల్లినట్లు తెల్లని పొడి కనబడుచున్నది. వాడవచ్చునా, పాఱవేయవలయునా?" ఈ ప్రశ్నకు లోగడ నేను తొందరపడి నాకు నేనే యుత్తరము చెప్పుకొని, పొరుగింటి పసిబిడ్డను బాధపెట్టితిని. కావున నీ మాఱు నిదానముగా వ్రాయుచున్నాను.

ఒక శీతకాలమున మెట్‌పల్లిలో మా యింట రెండు పాకములు చేసితిని. మొదటిదానిపై పొడి కనబడగా పుస్తకములు చూచి, యది హానికరము కాదని తెలిసికొంటిని. రెండవదానియందును తెల్లని మచ్చలుండెను. అవియు నట్టివే యనుకొని, పొరుగింటి కోడలడుగగా రెండు బిళ్ళలిచ్చితిని. ఆమె వానితో బిడ్డకు స్నానము చేయించెను. సాయంకాలమునకు బిడ్డ మెడయు చంకలును కందిపోయెను. "అక్కా, ఈ సబ్బులో నేమి వేసితిరి?" అని యామె వచ్చి యడిగినప్పుడు నాకు నోట మాట రాలేదు. ముత్తెపుచిప్పను చూచి వెండి యని భ్రమించుటను గూర్చి శాస్త్రములలో చదివితిని గాని, నా వంటింటనే యట్లు భ్రమపడుదునని యెన్నడు ననుకొనలేదు. ఆ రెండవ పాకమున కాస్టిక్ సోడాను తూచక, గిద్దెతో కొలిచి వేసితిని. తప్పంతయు నదియే.

ఈ రెండు తెలుపులును వేఱు. మొదటిది పైపూత. నూనెతో నింకను కలియని కాస్టిక్ సోడాను గాలిలోని బొగ్గుపులుసు వాయువు తాకినప్పుడు, అది బట్టల సోడాగా మాఱి సబ్బుపై పలుచని పొరగా నిలుచును. బిళ్ళను కోసినచో లోపల నుండదు. తడిబట్టతో తుడిచినను, ఆవిరి పట్టించినను పోవును. నీరెక్కువగుట, చలిలో పాకము త్వరగా చల్లారుట దీనికి ముఖ్యకారణములు. అచ్చులో పోసిన వెంటనే పళ్ళెము మూసి, దుప్పటి కప్పి, యొక పగలు నొక రాత్రియు కదపకున్నచో చాలవఱకు రానే రాదు.

రెండవది లోపలి తెలుపు. బిళ్ళను నడుమకు కోసి చూడుడు. గింజలవంటి తెల్లని గడ్డలు గాని, చెమ్మ యూరు చిన్న గుంటలు గాని యున్నచో నది కలియక మిగిలిన క్షారము. దానిని వట్టిచేత తాకరాదు. గట్టినూనె చక్కగా కరగనప్పుడును కొవ్వు గడ్డలిట్లే కనబడును. అయినను సందేహము కలిగినచో క్షారమనియే యెంచవలయును. పసుపుకాగితముతో పరీక్షింపవచ్చునా యని మా వారు బడిలో పిల్లలకు చూపు పద్ధతిని తలచుకొని నేనును ప్రయత్నించితిని. మంచి సబ్బు సైతము కొంత క్షారగుణము కలదే గనుక పసుపు రెంటికిని ఎఱ్ఱబడెను! ఆ పరీక్ష యిచ్చట పనికిరాదు. కొందఱు నాలుకతో చూతురు, నేనది చెప్పను.

తూచి చేసిన పాకమున గడ్డలు కనబడినచో కలుపుట చాలలేదన్నమాట. చేతికి తొడుగులు వేసికొని, దానిని తురిమి, కొద్ది నీటితో స్టీలుగిన్నెలో సన్నని సెగపై మరల నుడికింపవచ్చును. అల్యూమినియము గిన్నె కూడదు, క్షారము దానిని తినివేయును. సోడా యెంత వేసితిమో తెలియని పాకమును మాత్ర మొంటికి వాడక, బండలు కడుగుట కుంచుకొనుడు, అదియు తొడుగులతోనే.

ఇక మెత్తదనము. నువ్వులనూనె, ఆముదము మాత్రమే వాడి, సబ్బు వేలితో నొక్కిన లొంగుచున్నదని వాపోవుట న్యాయము కాదు. ఆ నూనెల స్వభావమే యది. గట్టిదనమునకు కొబ్బరినూనెయు, ఇప్పనూనెయు కావలయును. ఆదిలాబాదు అడవులలో గోండులు తరతరములుగా తీయు నిప్పనూనె చలికి పేరుకొనుటయే దాని గుణమును చెప్పుచున్నది. ఫ్రాన్సు దేశపు రసాయనజ్ఞుడు షెవ్రోల్ 1823లో ప్రకటించిన గ్రంథమున కొవ్వులలోని ఆమ్లములను వేఱుపఱచి చూపెను. ఆ యామ్లములు నూనె నూనెకు వేఱగుటచేతనే సోడా లెక్కయు వేఱగును. నేనిప్పుడు కొబ్బరినూనె 400, ఇప్పనూనె 400, నువ్వులనూనె 200 గ్రాములకు కాస్టిక్ సోడా 145, నీరు 300 గ్రాములు గ్రాము వఱకు చూపు చిన్న కాటాపై తూచుచున్నాను. సోడాను నీటిలో వేయవలయును గాని, నీటిని సోడాపై పోయరాదు. పిల్లలను దూరముగా నుంచుడు. ముందుగా నా నీటిలో 10 గ్రాముల ఉప్పు కరగించినచో బిళ్ళ త్వరగా గట్టిపడును. మూతలేని డబ్బాలో చెమ్మ పీల్చిన సోడా తూకమునకు సరిపోయినను బలమునకు సరిపోదు. సబ్బు మెత్తబడుటకు నదియు నొక కారణము. ఏ సబ్బయినను నాలుగు నుండి యాఱు వారములు గాలికి ఆరనిండు. వానకాలమున చెమట పట్టినచో భయపడకుడు, అందలి గ్లిసరిన్ గాలిలోని చెమ్మను లాగుకొనుచున్నది.

పసుపు పండు మా ప్రాంతపు సోదరి యొకతె, పసుపు కలిపిన సబ్బు ఎఱ్ఱబారెనని వ్రాసినది. చెడలేదమ్మా. పసుపునకు సున్నము తగిలి కుంకుమ యగునట్లే యిదియును. బంగారువన్నె కావలెనన్న పసుపుతో నది సిద్ధింపదు. కాని నారింజరంగు చుక్కలు వేసి ముక్కవాసన కొట్టు సబ్బు మాత్రము పాతనూనె ఫలము, దానిని తీసివేయుడు.

ఆ బిడ్డ మెడ నాలుగు దినములకు మానెను. ఆ కోడలు నేటికిని నావద్ద సబ్బు పుచ్చుకొనును గాని, ముందుగా నొక బిళ్ళను నా చేతనే నడుమకు కోయించి చూచును.