పొట్లం అబద్ధమాడితే తిట్లు మనకా?

"చూస్కొని తేవొద్దా?"

ఈ మాట పడని ఆడది మనలో ఎవరైనా ఉన్నారా? బియ్యంలో రాళ్ళున్నా, పాలు విరిగినా, పప్పులో పుచ్చులున్నా ఈ ప్రశ్న వచ్చేది మన మీదికే. కల్తీ చేసినవాడు ఎక్కడో ఉంటాడు. అమ్మినవాడు గల్లా దగ్గర ఉంటాడు. తిట్లు మాత్రం తిన్నగా వంటింట్లోకి వస్తాయి.

మా సమావేశాలకు వచ్చే ఒక చెల్లెలు నాంపల్లిలో నాలుగిళ్ళలో పని చేస్తుంది. ఆడబిడ్డ కుటుంబం వస్తోందని అబిడ్స్‌లో ఒక సూపర్ మార్కెట్‌కు పోయింది. కిలో మటన్ ఎనిమిది వందలు దాటిన రోజుల్లో ఆమెలాంటి వాళ్ళు అరకిలో కొనడానికే ఆలోచిస్తారు. ఐస్‌పెట్టెలో కబాబ్ పొట్లాలు కనిపించాయి, ఒకటి కొంటే ఒకటి ఉచితం. పొట్లం మీద లావుపాటి ఇంగ్లీషు అక్షరాల్లో 'మటన్' అని ఉంది. ఆ ఒక్క మాట ఆమె గుర్తుపట్టగలదు. దాని కింద సన్నటి అక్షరాల్లో ఉన్న 'స్టైల్' అనే మాటను ఆమె చదవలేదు. వేయించి పెట్టింది. ఇంగ్లీషు వచ్చిన ఆడబిడ్డ భర్త పొట్లం వెనక్కి తిప్పి చదివాడు. కోడిమాంసం, సోయా, పిండి, రుచి కోసం కలిపినవి. మటన్ లేదు. అందరూ నవ్వారు. "చూస్కొని తేవొద్దా?" అన్నది అత్తగారు.

మోసపోయింది ఆమె. తలదించుకున్నదీ ఆమే.

ఖాళీ పొట్లాన్ని మా దగ్గరికి తెచ్చింది. అందరం చేతులు మార్చుకుంటూ చూశాం. కళ్ళజోడు ఉన్నవాళ్ళకే ఆ అక్షరాలు అందలేదు. నేనూ ఇంకో ఇద్దరమూ ఆ దుకాణానికి వెళ్ళి అడిగాం. "వెనకాల అన్నీ రాసే ఉన్నాయి కదమ్మా" అన్నారు. నిజమే, రాసే ఉంది. ఎవరి కోసం రాశారన్నదే ప్రశ్న.

రాయడం ఒక ఎత్తు, తెలియజెప్పడం ఒక ఎత్తు

మన దేశంలో ఆహారం పొట్లం మీద ఏమి రాయాలో చెప్పే నిబంధనలు 2020లో కొత్తగా వచ్చాయి. వాటి ప్రకారం వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే చాలు. ఇతర భాషల్లో కూడా రాసుకోవచ్చట, ఇష్టమైతే! తెలుగూ ఉర్దూ మాట్లాడే అబిడ్స్, నాంపల్లి బజార్లలో అమ్మే పొట్లం మీద తెలుగు, ఉర్దూ కంపెనీవాడి దయాధర్మం అన్నమాట. చదువు లేకపోవడం మన తప్పు కాదని ఇన్నేళ్ళుగా చెబుతున్నాం. ఇక్కడ చదువుకున్నదానికీ అదే గతి. తెలుగు చక్కగా చదవగలిగిన మనిషి కూడా ఈ పొట్లం ముందు నిరక్షరాస్యురాలే.

మాంసాహారానికి గోధుమరంగు త్రికోణం గుర్తు ఉంది కదా అంటారు. ఉంది. అది లోపల మాంసం ఉందని చెబుతుందే గానీ ఎవరి మాంసమో చెప్పదు. ఈ గుర్తును శాకాహారి ఇంటి కోసం పెట్టారు. మాంసం తినే ఇళ్ళకు ప్రశ్నలు ఉండవనుకున్నారా? పంది తినని ముస్లిం ఇల్లుంది, గొడ్డుమాంసం తినని ఇల్లుంది. పెద్దకూరే బలమని తినే దళిత, క్రైస్తవ ఇళ్ళున్నాయి. అందరికీ కలిపి ఒకటే త్రికోణం!

ఒక్క మాట స్పష్టంగా చెప్పుకుందాం. ఏ మాంసమూ మురికి కాదు, ఏ కూరా నీచం కాదు. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు బీఫ్ పండుగ చేసి చెప్పింది అదే. మన కోపం మాంసం మీద కాదు, అబద్ధం మీద. పెద్దకూర కావాలన్నవాళ్ళకు పెద్దకూరే ఇవ్వాలి. మటన్‌కు డబ్బు కట్టినవాళ్ళకు మటనే ఇవ్వాలి.

పెద్ద దేశాల్లో ఏం జరిగింది?

పేరున్న కంపెనీ, మెరిసే పొట్లం, కంప్యూటర్ బిల్లు ఉంటే మోసం ఉండదని మనలో కొందరి నమ్మకం. 2013 జనవరిలో ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ చవక బీఫ్ బర్గర్ల పరీక్షా ఫలితాలను ప్రకటించింది. 27 నమూనాల్లో 10 గుర్రం డీఎన్‌ఏతో, 23 పంది డీఎన్‌ఏతో బయటపడ్డాయి. టెస్కో దుకాణంలో అమ్మిన ఒక బర్గర్‌లో మాంసంలో 29 శాతం గుర్రానిదే. పొట్లం మీద మాత్రం బీఫ్ అనే ఉంది. రుమేనియాలో కోసిన గుర్రం మాంసం దళారీల చేతులు మారుతూ లక్సెంబర్గ్ ఫ్యాక్టరీకి చేరి, బీఫ్ వంటకమై బ్రిటన్ దుకాణాల్లో తేలింది. దక్షిణాఫ్రికాలో అదే ఏడాది వెలువడిన ఒక పరిశోధనలో 139 మాంసం ఉత్పత్తులను పరీక్షిస్తే 95లో పేరు చెప్పని మరొకటి దొరికింది.

మోసం ఎక్కువగా దొరికింది ఎక్కడ? ముక్క రూపం పోయిన చోట. కైమా, సాసేజీ, బర్గర్లలో. అంటే చవకైన తిండిలో. తొడముక్క కొనగలిగినవాళ్ళు కళ్ళతో చూసి కొంటారు. కైమా పొట్లం కొనేవాళ్ళు నమ్మి కొంటారు. "ఆ ధరకు ఇంకేం వస్తుంది?" అనేవాళ్ళకు మన జవాబు ఒక్కటే. చవకగా కొన్నాం, నిజాన్ని వదులుకుంటామని ఎక్కడా సంతకం పెట్టలేదు.

పరీక్ష ఎవరి ఇంట్లో?

మాంసం ఏ జంతువుదో తేల్చే శాస్త్రం మన దగ్గర లేక కాదు. హైదరాబాద్‌లోనే ఉంది. చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధనా సంస్థ ఈ పరీక్షలు చేస్తుంది. సీసీఎంబీ శాస్త్రవేత్తలు చిన్న ముక్కతో జంతువును గుర్తుపట్టే డీఎన్‌ఏ పద్ధతులను తయారుచేశారు. నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉంది. 2024లో ఆహార భద్రతా అధికారులు నగరంలో హోటళ్ళమీద, సూపర్ మార్కెట్లమీద వరసగా దాడులు చేశారు. గడువు తీరిన సరుకులు, వంటగదుల మురికి, లేబుల్ లేని పదార్థాలు బయటపెట్టారు. మంచిదే. లేబుల్ ఉన్న పొట్లంలో ఉన్నది అదేనా అన్న ప్రశ్న కూడా అదే పట్టుదలతో అడగాలి.

ఆ ప్రశ్న దుకాణంలో అడగకపోతే వీధిలో పుకారై తిరుగుతుంది. 2015 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లో దాద్రీ దగ్గర ఆవుమాంసం తిన్నారన్న పుకారుతో ఒక మనిషిని కొట్టి చంపారు. మాంసాన్ని ప్రయోగశాలకు పంపింది ఆ తర్వాత! 2018 నవంబరులో జోధ్‌పూర్ నుంచి రైల్లో మద్రాసుకు వచ్చిన రెండు వేల కిలోల పైచిలుకు మాంసం కుక్కదని ఊరంతా గోల పుట్టింది. పరీక్షలో అది మేకమాంసమని తేలింది. ఈలోపు పేద బిర్యానీ బండ్లవాళ్ళు నష్టపోయారు. పేదవాడి కుండను, ముస్లిం ఇంటి గిన్నెను అనుమానించడానికి క్షణం పట్టదు. కంపెనీ పొట్లాన్ని అనుమానించడం మాత్రం అమర్యాద!

నాంపల్లి గల్లీలో మాంసం దుకాణానికి వెళ్తే "ఛోటేకా? బడేకా?" అని మొహం మీదే అడుగుతారు. తూకంలో మోసం అక్కడా ఉంటుంది, కాదనను. కానీ మనిషి ఎదురుగా ఉంటాడు, వచ్చే ఆదివారం మళ్ళీ మనం రావాలి. పొట్లానికి మొహం లేదు. అందుకే దానికి చట్టం గట్టిగా ఉండాలి.

మనం చేయగలిగింది

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షన్ చూడండి. పరీక్ష అధికారుల సొత్తు కాదు. కొన్నవాళ్ళెవరైనా రుసుము కట్టి ఆహార విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్ష చేయించబోతున్నామని కొనేటప్పుడే దుకాణంవాడికి చెప్పాలి. నివేదిక పద్నాలుగు రోజుల్లో ఇవ్వాలి. తప్పు తేలితే కట్టిన రుసుము తిరిగి వస్తుంది. తప్పుడు లేబుల్‌కు మూడు లక్షల దాకా జరిమానా ఉంది.

నాంపల్లిలోనే ఎం.జె. రోడ్డు చంద్రవిహార్ భవనంలో ఏళ్ళ తరబడి జిల్లా వినియోగదారుల ఫోరం నడిచింది. పొట్లాలు అమ్మే బజారు పక్కనే న్యాయం అడిగే చోటు. మనలో ఎంతమంది ఆ మెట్లెక్కాం? 1986 చట్టం నాటినుంచే ఆ ఫోరం సభ్యుల్లో ఒక స్త్రీ ఉండి తీరాలన్న నియమం ఉంది. 2019 చట్టం కింద ఐదు లక్షల లోపు కొనుగోలు మీద ఫిర్యాదుకు రుసుము లేదు. ఒకే మోసానికి గురైనవాళ్ళు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు పెట్టవచ్చు. నూట యాభై రూపాయల పొట్లానికి ఒక్కతే తిరగలేదు. యాభైమంది కలిస్తే తిరగగలం.

మన డిమాండ్లు ఇవి. మాంసం ఏ జంతువుదో పొట్లం ముందువైపున, పెద్ద అక్షరాల్లో, తెలుగులోనూ ఉర్దూలోనూ రాయాలి. 'స్టైల్', 'ఫ్లేవర్' మాటలను అసలు పేరంత లావుగా అచ్చు వేయాలి. ప్రభుత్వం ప్రతి మూడు నెలలకూ చవక పొట్లాలు కొని పరీక్ష చేయించి, ఫలితాలను కంపెనీ పేర్లతో ప్రకటించాలి. పరీక్ష దుకాణంలో, ఫ్యాక్టరీలో జరగాలి. ఎవరి ఇంటి గిన్నెలోనూ కాదు.

ఇది చిన్న విషయమని కొందరంటారు. సారా మగవాళ్ళ వ్యవహారమని ఒకప్పుడు అన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు దాన్ని రాజ్యం సంగతి చేశారు, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. వంటింట్లో మొదలైందేదీ చిన్నది కాదు.

ఆ చెల్లెలు పొట్లాన్ని పారేయలేదు. మడిచి దాచుకుంది. మీ ఇళ్ళల్లోనూ అలాంటివి ఉంటే బిల్లుతో సహా దాచండి, సమావేశానికి తెండి. ఈసారి ఎవరైనా "చూస్కొని తేవొద్దా?" అంటే తలదించకండి. ఆ ప్రశ్నను పొట్లం తయారుచేసినవాడి ముందు పెడదాం. వాడు జవాబు చెప్పేదాకా.