మంచం కింద బ్యాటరీ



రామగుండం ఎన్‌టీపీసీ కేంద్రపు సామర్థ్యం 2600 మెగావాట్లు. అయినా గాలివాన వస్తే పక్కనే ఉన్న గోదావరిఖనిలోనూ కరెంటు పోతుంది. దీపం కింద చీకటి అన్నట్లు! అందుకే వేసవి రాగానే మనవాళ్లు ఇన్వర్టరు కోసం దుకాణాల బాట పడతారు.

మొన్న మా మదర్సా విద్యార్థి తండ్రి ఒకరు తాను కొన్న ఇన్వర్టరును చూపించారు. ఆయన బొగ్గుగని కార్మికుడు. బ్యాటరీ పిల్లలు పడుకునే మంచం కింద ఉంది. గదికి ఉన్న ఒక్క కిటికీ మూసి ఉంది.

“భాయ్, గనిలోకి అగ్గిపెట్టె తీసుకెళ్తారా?” అని అడిగాను.

“తౌబా! అట్లెట్ల తీసుకపోతం మౌల్వీ సాబ్?” అన్నారాయన.

గనిలో మీథేన్ వాయువు ఎంత ప్రమాదకరమో, చార్జింగ్ సమయంలో లెడ్ యాసిడ్ బ్యాటరీ నుండి వెలువడే హైడ్రోజన్ కూడా అంతే. గాలిలో అది 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. కనుక బ్యాటరీని గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండా ఉంచాలి.

భూగర్భ గనిలోకి దించే విద్యుత్ పరికరాలకు గనుల భద్రతా డైరెక్టరేట్ ఆమోదం కావాలి. ఇంటి పరికరానికీ నియమం ఉంది. 10 కేవీఏ వరకు ఇన్వర్టర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వద్ద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పరికరంపై ఐఎస్ 16242 అన్న ప్రమాణ సంఖ్య, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య చూడండి. ఆ సంఖ్యను ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో సరిచూడండి. వివరాలు సరిపోలకపోతే, ఎంత చౌకైనా వదిలేయండి.

పరికరం మంచిదైనంత మాత్రాన సరిపోదు. వైరింగ్ తప్పుగా ఉంటే ఇన్వర్టరు కరెంటు వెనక్కి, వీధి లైనులోకి ప్రవహించవచ్చు. సరఫరా ఆపించి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికే అది ముప్పు. మన ఇంటి వెలుగు మరొకరి ఇంటి దీపాన్ని ఆర్పకూడదు కదా! అందుచేత బిగింపు పనిని లైసెన్సు ఉన్నవారికే అప్పగించండి. కంపెనీ క్వార్టరులో ఉండేవారు అక్కడి ఎలక్ట్రికల్ విభాగానికి ముందే చెప్పండి.

పాత బ్యాటరీని తూకానికి అమ్మకండి. పగలగొడితే అందులోని సీసం, ఆమ్లం నేలలో ఇంకుతాయి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దానిని తిరిగి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులది. డీలరుకే అప్పగించండి.

ఆ సోదరుని ఇన్వర్టరుపై ఏ సంఖ్యా లేదు. కొంత తగ్గుతుందని బిల్లూ తీసుకోలేదు. దుకాణదారు వాపసు తీసుకోనన్నాడు. ఆయన నిట్టూర్చి, ఆ సాయంత్రమే దాని వైర్లు తీయించారు. సొమ్ము పోయింది నిజమే. పిల్లలు మాత్రం ఆ రాత్రి కిటికీ తెరుచుకుని నిశ్చింతగా నిద్రించారు.