రేపటికి కూడా సున్నం కొట్టారు

“మాయలోకం కథకు రంగేంది మాష్టారూ? చుక్కల్లోకి పోయే ఓడలో తెలుపేంది, నలుపేంది?” అని మమ్మల్ని అడుగుతూనే ఉన్నారు. అడిగేవాళ్ళంతా చదువుకున్నవాళ్ళే. కొందరు మన మిత్రులు కూడా. వాళ్ళు నవ్వుతూ అడుగుతారు. మేము నవ్వకుండా జవాబు చెప్పదలిచాం.

సైన్సు ఫిక్షన్ మనకు కొత్తేమీ కాదు. 1980లలో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున ‘స్టార్ ట్రెక్’ వచ్చేది. మాటలు అర్థంకాకపోయినా నేల మీద కూర్చుని చూసినవాళ్ళం. ఇవాళ వాడల్లో పిల్లలు సెల్‌ఫోన్‌లోనే హాలీవుడ్ సినిమాలు తెలుగు డబ్బింగులో చూస్తున్నారు. రేపటి కాలంలో ఎవరుంటారో, ఎవరుండరో వాళ్ళకు చెబుతున్నది ఆ సినిమాలే. ఇది మన సంగతి కాదు అనమాకండి.

ముందు ఒక పుస్తకాన్ని ఏం చేశారో చెబుతాం. అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1968లో ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ అనే నవల రాసింది. అది మంత్రవిద్య నేర్చుకునే గెడ్ అనే కుర్రవాడి కథ. గెడ్ తండ్రి కంచుపని చేసేవాడు. తల్లి లేదు. పిల్లవాడు మేకలు కాశాడు. వాడి ఒంటి రంగు రాగిచెంబు రంగు. వాడి ప్రాణస్నేహితుడు నల్లనివాడు. ఆ దీవుల్లో నూటికి తొంభైమంది ఇట్లాంటివాళ్ళే అనుకోండి. మరి తెల్లతోలు, పచ్చజుట్టు ఎవరికి ఉంది? కార్గులకు. అంటే పడవలేసుకొచ్చి ఊళ్ళు తగలబెట్టి దోచుకుపోయేవాళ్ళకు. ఇది రాసింది తెల్లావిడే. కావాలనే అట్లా రాశానని ఆమే చెప్పింది. భూమ్మీద ఎక్కువమంది తెల్లవాళ్ళు కానప్పుడు, రాబోయే కాలం కథల్లో మాత్రం అందరూ తెల్లవాళ్ళే ఎట్లా అవుతారన్నది ఆమె ప్రశ్న.

2004 డిసెంబరులో అమెరికాలోని సైఫై ఛానల్ ఆ కథను టీవీకి ఎక్కించింది. గెడ్ వేషం షాన్ ఆష్మోర్ అనే తెల్ల నటుడికి ఇచ్చారు. దీవులన్నీ తెల్లబడ్డాయి. పేరున్న నల్లజాతి నటుడు డానీ గ్లోవర్‌కు మాత్రం గురువు వేషం ఇచ్చారు. చూడండి వాళ్ళ తెలివి! తెల్లకుర్రవాడికి విద్య నేర్పటానికి నల్లవాడు పనికొస్తాడు. కథ మాత్రం ఆయనది కాగూడదు. లెగ్విన్‌ను సలహాదారు అని కాగితం మీద రాసుకున్నారు, సలహా మాత్రం వినలేదు. ఆమె నోరుమూసుకుని డబ్బు లెక్కపెట్టుకోలేదు. అదే నెలలో ‘స్లేట్’ పత్రికలో వ్యాసం రాసి, నా దీవులకు సున్నం కొట్టారని ఎండగట్టింది. ఇట్లాంటి కథల్లో మాకూ చోటుందని మొదటిసారి మీ పుస్తకంలోనే అనిపించిందని, తెల్లవాళ్ళు కాని పాఠకులు తనకు చెప్పిన సంగతి కూడా అందులో రాసింది. ఛానల్ వాళ్ళు తీసేసింది ఒక నటుడి ఒంటిరంగును కాదు, ఆ పాఠకుల చోటును.

పుస్తకం ఉన్నదున్నట్టు తియ్యమని మేము అనటంలేదు. నాలుగొందల పేజీలు రెండు గంటల్లో ఇమడవు. కోత తప్పదు. ఆ కత్తి ప్రతిసారీ ఎవరి మెడ మీద పడుతున్నదన్నదే మా తగాదా. రాబర్ట్ హైన్‌లైన్ 1959లో రాసిన ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’లో సైనికుడు రికో ఫిలిప్పీన్స్ మనిషి, ఇంట్లో తగాలోగ్ మాట్లాడతాడు. 1997 సినిమాలో ఆ పాత్ర నీలికళ్ళ తెల్లవాడికి పోయింది. యుద్ధపిచ్చిని వెక్కిరించటానికే దర్శకుడు అట్లా తీశాడంటారు. వెక్కిరింత బాగానే ఉంది. రికో ఏడీ?

“ఏ రంగైతే ఏం” అనే పెద్దమనుషులారా, ఇంకో సంగతి వినండి. ‘ది హంగర్ గేమ్స్’ నవల 2008లో వచ్చింది. అందులో రూ అనే పన్నెండేళ్ళ పిల్ల ఉంది. ఆ పిల్ల ముదురు గోధుమరంగు మనిషని పుస్తకంలోనే స్పష్టంగా ఉంది. 2012లో సినిమా తీసినప్పుడు ఆ వేషం నల్లజాతి పిల్లకే ఇచ్చారు, పుస్తకంలో ఉన్నట్టే. అంతే, గగ్గోలు! పుస్తకం చదివి కన్నీళ్ళు పెట్టుకున్న అభిమానులే, ఆ పిల్ల నల్లపిల్ల అని తెలిశాక ఆమె చావుకు అంత బాధ కలగలేదని రాశారు. రాగిరంగు గెడ్‌ను తెల్లగా చేస్తే “కల్పితమే గదా” అంటారు. నల్లపిల్లను నల్లగా చూపిస్తే కథ పాడైందంటారు. ఇదేం తూకమయ్యా?

ఇవన్నీ అమెరికా గొడవలు, మనకెందుకు అంటారా? 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. నీగ్రోల స్థితికీ అంటరానివాళ్ళ స్థితికీ ఎంతో పోలిక ఉందని అందులో రాశారు. ఆ డుబాయిసే 1920లో ‘ది కామెట్’ అనే కథ అచ్చువేశాడు. తోకచుక్క విషవాయువుకు న్యూయార్క్ అంతా చచ్చిపోతుంది. బ్యాంకులో పనిచేసే ఒక నల్లవాడు, ఒక డబ్బున్న తెల్లపిల్ల మిగులుతారు. అతను ఎట్లా బతికాడు? ఇంకెవరూ దిగని నేలమాళిగలోకి అతన్ని పంపారు గనక! లోకంలో ఇద్దరే ఉన్నంతసేపు రంగు గుర్తుండదు. అవతలి ఊళ్ళు బతికే ఉన్నాయని తెలిసి, ఆ పిల్ల తండ్రి వచ్చిన మరుక్షణం నల్లవాడు మళ్ళీ నల్లవాడే. లోకం అంతమైనా అంతంకానిదేదో మన పల్లె జనానికి వేరే చెప్పాలా?

రాయటానికి మనుషులు లేక కాదు, అచ్చెయ్యనివ్వక. శామ్యూల్ డెలానీ నల్లజాతి రచయిత. ఆయన ‘నోవా’ నవల 1968లో వచ్చింది. అంతకుముందు దాన్ని పత్రికలో సీరియల్‌గా వెయ్యమని పంపితే, ఆనాటి సైన్సు ఫిక్షన్‌కు పెద్దదిక్కు అనిపించుకున్న సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ వద్దన్నాడు. కథ బాగానే ఉంది, నల్లవాడు నాయకుడైతే మా పాఠకులు ఒప్పుకోరు అన్నది సారాంశం. ఆ సంపాదకుడి పేరుతో ఏళ్ళ తరబడి బహుమతి కూడా ఇచ్చారు. 2019లో ఆ బహుమతి అందుకున్న రచయిత్రే వేదిక మీద నిలబడి ఆయన్ని దులిపితే, అప్పుడు పేరు మార్చారు.

బొమ్మల వల్ల ఏమౌతుంది, ఊరికే కాలక్షేపం అనేవాళ్ళు కూడా ఉన్నారు. 1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’లో నిషెల్ నికోల్స్ అనే నల్లజాతి నటి ఓడలో అధికారి వేషం వేసింది. పనిమనిషి వేషం కాదు, అధికారి! మొదటి ఏడాది తర్వాత మానేద్దామనుకుంటే, మార్టిన్ లూథర్ కింగ్ స్వయంగా మానొద్దని చెప్పాడని ఆమె చాలాచోట్ల చెప్పింది. ఆ వేషం చూసి పెరిగిన మే జెమిసన్ 1992లో అంతరిక్షంలోకి వెళ్ళింది, నల్లజాతి స్త్రీలలో మొదటి మనిషి. కాలక్షేపమట!

మాకు అన్నిటికన్నా కడుపుమంటగా ఉన్నది ‘కిండ్రెడ్’ విషయం. దాన్ని రాసిన ఆక్టేవియా బట్లర్ తల్లి తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పాచిపని చేసింది. అమ్మ వెనక గుమ్మంలోంచి పోవటం, మాటలు పడి కూడా నోరెత్తకపోవటం చూస్తూ ఆ పిల్ల పెరిగింది. అమ్మ ఎందుకు ఊరుకుందో పెద్దయ్యాకగానీ ఆమెకు అర్థంకాలేదు. మన అమ్మలకు వెనక గుమ్మం కొత్తా? నవల 1979లో వచ్చింది. 1976లో ఉన్న డేనా అనే నల్లజాతి స్త్రీ ఉన్నట్టుండి బానిసల కాలంలోకి వెళ్ళిపడుతుంది. అక్కడ రూఫస్ అనే తెల్లదొర కొడుకును ఆమే కాపాడాలి. వాడు పెరిగి తమ మనిషిని చెరిస్తేనే తన వంశం పుడుతుంది! ఇంతకన్నా పెద్ద ఉరితాడు ఏ కథలో ఉంది? ఆమె ఒక చెయ్యి పోగొట్టుకుని ఇల్లు చేరుతుంది.

ఈ పుస్తకం టీవీకి రావటానికి 43 ఏళ్ళు పట్టింది. బట్లర్ 2006లోనే చనిపోయింది. 2022 డిసెంబరులో ఎనిమిది భాగాలు వేశారు. తీసింది నల్లజాతి రచయితే, మనసుపెట్టి తీశాడు, కాదనం. అయితే పుస్తకంలో లేని తల్లి పాత్రను తెచ్చి, పెళ్ళయిన జంటను నిన్నగాక మొన్న కలిసినవాళ్ళను చేసి, మిగతా కథను తర్వాతి ఏడాదికి దాచిపెట్టారు. అది మాకు నచ్చలేదు. ఆ కథ బలమంతా ఆగకుండా మెడపట్టి లాక్కుపోవటంలో ఉంది. దాచిన కథ దాచినట్టే పోయింది. 2023 జనవరిలో కంపెనీ ఆ సీరియల్‌ను ఆపేసింది. టీవీలో డేనా కథ ఇప్పటికీ నట్టేట్లో ఉంది.

ఇంగ్లీషు చదవగలిగిన మన డిగ్రీ పిల్లలకు ఒక పని చెబుతున్నాం. ఈ పుస్తకాలు సంపాదించండి. సాయంత్రం పూట వాడలో కూర్చుని డేనా కథ చివరిదాకా చెప్పండి. గెడ్ కథ చెప్పేటప్పుడు వాడు మేకలు కాసిన సంగతి, రాగిచెంబు రంగు సంగతి మొదటే చెప్పండి. ‘ది కామెట్’ చిన్నదే, ఒక్క పూటలో అయిపోతుంది.

జై భీమ్.