సిపాయి బిడ్డది ఏ ఊరు?

స్థానికుడు ఎవరు? ఈ ప్రశ్న మీదే మన ఉద్యమం పుట్టింది. 1972 అక్టోబర్ 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన తర్వాత తరగతులు వదిలి వీధికెక్కిన విద్యార్థి అడిగింది ఇదే. ఆఫీసు వదిలి సమ్మెకు దిగిన ఎన్జీవో అడిగింది ఇదే. సొంత రాజధానిలో మమ్మల్ని పరాయివాళ్ళను చేస్తారా అని. ఆ తర్వాత ఆరు సూత్రాలు వచ్చాయి, 371-డి వచ్చింది. 2014లో రాష్ట్రమే వేరుపడింది. ప్రశ్న మాత్రం తీరలేదు. ఇవాళ దాన్ని అడుగుతున్నది పదిహేడేళ్ళ పిల్లలు. వాళ్ళ నాన్నలు సరిహద్దుల్లో కాపలా ఉన్నారు.

పాత ప్రకాశం జిల్లా పడమటి మండలాలకు వెళ్ళి చూడండి. గిద్దలూరు, కంభం చుట్టుపక్కల పల్లెల్లో పటాలానికి మనిషిని పంపిన ఇళ్ళు వీధివీధికీ కనిపిస్తాయి. ఇదంతా దేశభక్తి ఒక్కటే అని పొగిడి చేతులు దులుపుకోవడం పాలకులకు తేలిక. అసలు సంగతి నేలలో ఉంది. వాన పడితేనే పంట. పల్నాటి నల్లరేగడిలో పత్తి వేసిన రైతుదీ, గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తోలిన రైతుదీ ఇదే కథ. పురుగు కొట్టకపోతే ధర కొడుతుంది. అందుకే ఒక కొడుకు పొలంలో, ఒక కొడుకు పటాలంలో. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి జై జవాన్, జై కిసాన్ అంటే దేశం రెండు వర్గాలకు దణ్ణం పెట్టింది. మన మెట్ట పల్లెల్లో ఆ ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే.

కంభం దగ్గర అలాంటి ఒక ఇల్లు అనుకుందాం. అన్నదమ్ములిద్దరూ సైన్యంలో హవల్దార్లు. అన్న భార్యాబిడ్డలను అమ్మానాన్నల దగ్గరే ఉంచి వెళ్ళాడు. ఏడాదికి రెండుసార్లు సెలవు మీద వస్తాడు. తమ్ముడికి క్వార్టర్ దొరికింది, కుటుంబాన్ని వెంట తీసుకెళ్ళాడు. జోధ్‌పూర్‌లో రెండేళ్ళు, జలంధర్‌లో మూడేళ్ళు, తేజ్‌పూర్‌లో మూడేళ్ళు. కూతురు కేంద్రీయ విద్యాలయాల్లో పన్నెండో తరగతి ముగించింది. ఇద్దరాడపిల్లలూ ఒకే ఏడు ఈఏపీసెట్ రాశారు. ర్యాంకులు పక్కపక్కన వచ్చాయి. కౌన్సెలింగ్‌లో అన్న కూతురు స్థానికురాలు, తమ్ముడి కూతురు స్థానికేతరురాలు! ఇంటిపేరు ఒకటే, ఇల్లు ఒకటే, పట్టాదారు పాసుపుస్తకంలో తాత పేరు ఒకటే. తేడా ఒక్కటే. ఒక పిల్ల నాన్న దగ్గర పెరిగింది.

ఎందుకిలా? 1974 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికతను చదువుతో కొలిచింది. అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసే వరస నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివి ఉంటేనే స్థానికుడు. గుంటూరు, ప్రకాశం జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలోకి వస్తాయి. సీట్లలో నూటికి 85 ఆ ప్రాంతం స్థానికులవి. మిగిలిన 15 అన్‌రిజర్వుడు. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్ళు నివసించి ఉంటే ఆ పదిహేనులో పోటీ పడవచ్చు. అంటే సిపాయి బిడ్డకు సింహద్వారం మూసి కిటికీ చూపించారు. ఆ కిటికీ దగ్గరా స్థానికులు బారులు తీరి ఉంటారు, ఎందుకంటే అది అందరిదీ. పోనీ నాన్న ఉద్యోగం చేసిన రాష్ట్రం ఈ పిల్లను తనదంటుందా? అక్కడా ఇలాంటి నివాస నిబంధనలే. అక్కడ పరదేశి, ఇక్కడ స్థానికేతరురాలు. మరి ఈ బిడ్డది ఏ ఊరు?

సైనికుల పిల్లలకు క్యాప్ కోటా ఉందిగా అంటారు. ఉంది. ఇంజనీరింగ్‌లో నూటికి రెండు, ఎంబీబీఎస్‌లో నూటికి ఒకటి. కానీ దాని లోపలా వరస ఉంది. 2018 మేలో కేంద్ర రక్షణ శాఖ రాష్ట్రాలకు పంపిన ప్రాధాన్య క్రమంలో యుద్ధంలో చనిపోయిన వారి భార్యాబిడ్డలు మొదట, పోరులో అంగవైకల్యం పొందిన వారి పిల్లలు తర్వాత, శౌర్య పతకాలు పొందిన వారి పిల్లలు అయిదో వరసలో, మామూలు మాజీ సైనికుల పిల్లలు ఆరో వరసలో, ఇప్పటికీ సర్వీసులో ఉన్నవారి పిల్లలు ఎనిమిదో వరసలో ఉంటారు. ఈ వరస న్యాయమైనదే. అమరుడి బిడ్డ కంటే ముందు నిలబడాలని ఏ సైనికుడూ కోరడు. అయితే నూటికి ఒక సీటు, రెండు సీట్లు ఉన్నచోట ఎనిమిదో వరస దాకా ఏం మిగులుతుంది? ఊళ్ళు తిరిగిన పిల్లలు ఎక్కువగా ఉండేది ఆ చివరి వరసలోనే. కోటా అనేది ఆసరా. అది స్థానికతకు బదులు కాలేదు.

డబ్బు సాయం సంగతి చూద్దాం. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం 2006-07లో మొదలయింది. మాజీ సైనికుల పిల్లలకు, సైనిక వితంతువులకు ఏటా 5,500 స్కాలర్‌షిప్పులు, అందులో సగం ఆడపిల్లలకు. 2019-20 నుంచి మగపిల్లలకు నెలకు 2,500, ఆడపిల్లలకు 3,000 రూపాయలు. మంచి పథకమే. కానీ అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు రావాలి, చదివేది వృత్తివిద్యా కోర్సు కావాలి. గిద్దలూరులోనో మార్కాపురంలోనో డిగ్రీ కాలేజీలో బీఏ, బీఎస్సీ చదివే సిపాయి కూతురికి అందులో చోటు లేదు. హవల్దారు హోదా దాకా రిటైరైన వారి ఇద్దరు పిల్లలకు డిగ్రీ వరకు కేంద్ర సైనిక బోర్డు ఇచ్చే విద్యా సాయం ఉంది. అది చాలాకాలం నెలకు వెయ్యి రూపాయల దగ్గరే ఆగి, 2025 నవంబర్ నుంచి రెండు వేలయింది. ఇంకో సంగతి మరవకూడదు. యుద్ధంలో ప్రాణాలు, అవయవాలు పోగొట్టుకున్న వారి పిల్లల ఫీజు పూర్తిగా భరించే ఏర్పాటు 1971 యుద్ధం తర్వాత వచ్చింది. 2017లో దానికి నెలకు పదివేల పరిమితి పెట్టారు. దేశమంతా నిరసన లేచాక 2018 మార్చిలో వెనక్కి తగ్గారు. అడగకపోతే ఉన్నదీ ఊడిపోతుందని దీన్నిబట్టి తెలుసుకోవాలి.

ఇప్పుడు పొరుగు రాష్ట్రం మాట. మంచిని ఒప్పుకోవడానికి మాకు నామోషీ లేదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం మెడికల్ అడ్మిషన్లలో నాలుగేళ్ళ స్థానిక చదువు నిబంధనను గట్టిగా పట్టుకుంది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2025 సెప్టెంబర్ 1న కోర్టు ఆ నిబంధనను సమర్థించింది. అయితే ఆ విచారణలోనే తెలంగాణ ప్రభుత్వం కొన్ని మినహాయింపులకు సిద్ధపడింది. సైన్యంలో చేరేనాడు తన సొంత ఊరు తెలంగాణలో ఉందని రాసిచ్చిన వారి పిల్లలు, వారు సర్వీసులో ఉన్నా రిటైరైనా, బయట చదివిన కారణంగా స్థానికత కోల్పోరు. స్థానికుల హక్కూ నిలిచింది, సైనికుడి బిడ్డా నిలిచింది. హైదరాబాదులో సాధ్యమైనది అమరావతిలో ఎందుకు సాధ్యం కాదు?

స్థానికత కోసం కొట్లాడిన మనమే దానికి తూట్లు పొడవమంటామా అని మన పాఠకుల్లోనే కొందరు అడగవచ్చు. బోగస్ స్టడీ సర్టిఫికెట్ల బాధ పడ్డవాళ్ళకు ఆ అనుమానం రావడం సహజం. మా జవాబు సూటిగా చెబుతున్నాం. కుర్రవాడు పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ వయసులో పటాలంలో చేరేనాడు రాయించిన ఊరు అతని సర్వీసు రికార్డులో ఉంటుంది. అప్పటికి పెళ్ళే కాలేదు. పుట్టబోయే కూతురి మెడికల్ సీటు కోసం ఎవడూ అప్పుడు దొంగ ఊరు రాయించడు. ఇంతకంటే నమ్మకమైన స్థానిక పత్రం ఏ తహసీల్దారు ఇవ్వగలడు? పైగా వీడు కార్పొరేట్ కాలేజీ కోసం ఊరు మార్చినవాడు కాదు, ప్రభుత్వం బదిలీ చేస్తే వెళ్ళినవాడు. బదిలీ అంటే ఏమిటో ఉద్యోగ మిత్రులకు మేం చెప్పాలా? ప్రభుత్వమే పంపించి, ప్రభుత్వమే నువ్వు ఇక్కడివాడివి కావనడం ఏం న్యాయం?

ఇంకో ప్రమాదం ముంచుకొస్తున్నది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ కింద చేరిన కుర్రవాళ్ళలో నలుగురికి ముగ్గురు నాలుగేళ్ళకే ఇంటికి వస్తారు. పింఛను ఉండదు, మాజీ సైనికుడనే హోదా ఉండదు. ఆ హోదా లేనివాడి బిడ్డకు రేపు పై పథకాల్లో ఏది అందుతుంది? ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసులో ఇంటర్ చదువుతో తిరిగొచ్చినవాడికి కావలసింది సెక్యూరిటీ గార్డు యూనిఫాం కాదు, యూనివర్సిటీలో సీటు. రెండో ప్రపంచ యుద్ధం ముగియకముందే, 1944లో, అమెరికా జీఐ బిల్లు తెచ్చి తిరిగొచ్చిన సిపాయిలను లక్షల్లో కాలేజీ మెట్లెక్కించింది. 2008 చట్టంతో ఆ చదువు హక్కును భార్యకు, బిడ్డలకు బదలాయించుకునే వీలూ కల్పించింది. మన దగ్గర ఇగ్నో దూరవిద్యతో సరిపెడుతున్నారు. దూరవిద్య చేయూతే, కాదనం. తరగతి గది తలుపు కూడా తెరవాలి.

మేం అడుగుతున్నవి మూడే. ఒకటి, సర్వీసు రికార్డులో సొంత ఊరు ఈ రాష్ట్రంలో ఉన్న ప్రతి సైనికుడి బిడ్డనూ ఆ ప్రాంత స్థానికుడిగా గుర్తించాలని తెలంగాణలో లాగే స్పష్టమైన అక్షరాల్లో నిబంధన రాయాలి. రెండు, నాగార్జున, ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాల పరిధిలో మామూలు డిగ్రీ, పీజీ చదివే సైనికుల పిల్లలకు, వితంతువులకు రాష్ట్రం తన ఖజానా నుంచి స్కాలర్‌షిప్ ఇవ్వాలి. మూడు, తిరిగొచ్చే అగ్నివీరులకు ఆ విశ్వవిద్యాలయాల్లో సీట్లు, ఫీజు మినహాయింపు ఇప్పుడే ప్రకటించాలి. విద్యార్థి సంఘాలు, ఉద్యోగ సంఘాలు వచ్చే కౌన్సెలింగ్ లోపు ఈ మూడింటినీ తమ కోర్కెల పత్రాల్లో చేర్చాలని కోరుతున్నాం. ఒంగోలు, గుంటూరు సైనిక సంక్షేమ కార్యాలయాల మెట్లెక్కి దిగే ముసలి సుబేదార్లను ఇంకా ఒంటరిగా వదిలేయవద్దు.

వాళ్ళు దయ అడగడం లేదు. ఊరు అడుగుతున్నారు. ప్రాణం పోతే జెండా కప్పి సొంత ఊరికే తెస్తారు. అప్పుడు ఏ అధికారీ స్టడీ సర్టిఫికెట్ అడగడు. బతికుండగా అతని బిడ్డను ఎందుకు అడుగుతున్నారు?