వేవిళ్లు వేషాలు కావు

ఈసారి స్కాలర్‌షిప్పులు, హాస్టళ్ల సంగతి పక్కనపెట్టి మన ఇళ్లల్లోని అక్కలు, వదినల గురించి రాస్తున్నాం.

మాచర్ల, గురజాల వైపు మన తండాల్లో, గూడేల్లో మూడో నెల కడుపుతో ఉన్న కోడలు మిరపకాయల కోతకు రాలేనంటే వినపడే మాట ఒకటే: "మేం కనలేదా? ఇయ్యన్నీ వేషాలు." మామూలు వేవిళ్లు చాలామందికి వస్తాయి, పోతాయి. కానీ వందమందిలో ఒకరిద్దరికి గుక్కెడు నీళ్లు కూడా ఇమడవు. వాళ్లని కూడా ఇదే మాట అంటున్నాం.

అమెరికాలో మార్లీనా ఫెజో అనే జన్యుశాస్త్రవేత్త ఈ వాంతులతోనే 1999లో కడుపులో బిడ్డను పోగొట్టుకుంది. అంత చదువుకున్న ఆమె మాటే డాక్టరు నమ్మలేదు. ఆమె పట్టు వదలకుండా వెతికి, 2018లో తోటి శాస్త్రవేత్తలతో కలిసి జీడీఎఫ్15 అనే జీన్‌కి దీంతో సంబంధం ఉందని చూపించింది. 2023 డిసెంబరులో కేంబ్రిడ్జి వాళ్లతో కలిసి అసలు కారణం చెప్పింది. ఆ జీన్ తయారుచేసే హార్మోను మెదడుకు చేరి వికారం పుట్టిస్తుంది. కడుపు రాకముందు ఒంట్లో అది తక్కువగా ఉన్న ఆడమనిషికి, కడుపు వచ్చాక ఒక్కసారిగా పెరిగితే తట్టుకోవడం కష్టం. మన పల్నాడు లెక్కలో చెప్పాలంటే, కారం అలవాటు లేనోడికి మన పచ్చడి పెట్టినట్టు. థలసేమియా ఉన్నవాళ్ల ఒంట్లో అది ముందునుంచే ఎక్కువ. వాళ్లకి వేవిళ్లు బాగా తక్కువని కూడా తేలింది.

ఇంకో సంగతి అత్తలకు చెప్పాలి. ఆ హార్మోను ఎక్కువ భాగం వచ్చేది బిడ్డ వైపు నుంచి, మాయ నుంచి. బిడ్డ జీన్లలో సగం మీ కొడుకువే. మరి కోడల్నొక్కదాన్నే అనడం ఏం న్యాయం?

మాకు ఎక్కువ భయం గ్లూకోజ్ బాటిల్ గురించి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక బాటిల్ ఎక్కించి పంపేస్తాడు. వారాల తరబడి వాంతులైన మనిషికి ముందు బి1 విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే ప్రమాదం రావచ్చు. రోజంతా నీళ్లు నిలవకపోయినా, ఒంటేలు ముదురు రంగులో కొంచెమే వస్తున్నా, 45 కిలోల మనిషి రెండు కిలోలకు పైగా తగ్గినా పెద్దాసుపత్రికే తీసుకెళ్లాలి. 108కి ఫోన్ చేయండి.

అక్కకి ఇలా వస్తే చెల్లెలికి వచ్చే అవకాశం సుమారు 17 రెట్లు ఎక్కువని ఒక అధ్యయనంలో తేలింది. అందుకే పేరు రాయించుకునే రోజే "మీ అమ్మకి, అక్కకి ఎలా ఉండేది?" అని ఏఎన్ఎం అడిగి కార్డులో రాయాలని మా డిమాండ్. ఆమె అడగకపోతే పక్కనున్న మనమే చెప్పి రాయిద్దాం.